బజర్ మోగేలోపు: ఒక గ్యాస్ సెన్సర్ డైరీ

రోజు 1

నా స్నేహితుడు పనిచేసే ల్యాబ్‌లో ఒక చిన్న స్టోర్ గది ఉంది. శాంపిళ్లు పంపే డ్రై ఐస్ పెట్టెలన్నీ అందులోనే ఉంటాయి. గోడకి సర్టిఫికెట్ ఉన్న కార్బన్ డయాక్సైడ్ అలారం ఇప్పటికే ఉంది. అయినా తలుపు బయటి నుంచి రీడింగ్ కనిపించేలా ఇంకొకటి పెట్టుకుంటే బాగుంటుందన్నాడు. చేసిస్తానన్నాను. ప్రాణాలు కాపాడే పని పాత అలారానిదే, నాది పక్కన తోడుగా ఉండేది. ఈ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత నాకే మరుపు రాకుండా.

అతను అడిగింది ఒకే ప్రశ్న. "గ్యాస్ వస్తే ఎంతసేపట్లో మోగుతుంది?"

"వెంటనే" అనేశాను. ఇంటికొచ్చి సెన్సర్ డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) తెరిచాక ఆ "వెంటనే" నాలుక మీద చేదుగా తగిలింది.

ముందు ఆ గది లెక్క. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. మైనస్ 78.5 డిగ్రీల దగ్గర ద్రవంగా మారకుండానే నేరుగా గ్యాసైపోతుంది. ఒక కిలో పూర్తిగా ఆవిరైతే దాదాపు 540 లీటర్లు. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న మూసిన గదిలో అదంతా సమంగా కలిస్తే సుమారు 24,000 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 24,000 భాగాలు. ఎనిమిది గంటల పనికి సగటు పరిమితి 5,000 పీపీఎం. పావుగంట సేపటికి పెట్టే పరిమితి 30,000. 40,000 అంటే అక్కడినుంచి వెంటనే బయటపడాల్సిన స్థాయి. ఒక్క కిలోకే ఇలా ఉంటే, ఆ పెట్టెల్లో పది కిలోలు కూడా ఉంటాయట.

సెన్సర్ ఎంపికకి పెద్దగా ఆలోచించలేదు. అందరి దగ్గరా దొరికే ఎంక్యూ రకం సెన్సర్లు ఈ పనికి పనికిరావు. వాటిలో వేడి చేసిన టిన్ ఆక్సైడ్ పొర ఉంటుంది. మండే గుణం ఉన్న వాయువులు దానిమీది ఆక్సిజన్‌ని లాక్కుంటే రెసిస్టెన్స్ మారుతుంది. కార్బన్ డయాక్సైడ్ అప్పటికే పూర్తిగా మండిపోయిన సరుకు, దానికి అక్కడ లాక్కోవడానికేమీ ఉండదు. కాబట్టి ఎన్‌డీఐఆర్. సెన్సర్ లోపలి ఒక చిన్న గదిలోంచి ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపి, కార్బన్ డయాక్సైడ్ పీల్చుకునే 4.26 మైక్రాన్ల దగ్గర ఎంత తగ్గిందో చూసే పద్ధతి. కాంతికి ఆలస్యం లేదు. ఆ చిన్న గదిలోకి గ్యాస్ నడిచి రావడానికే ఆలస్యం.

డేటాషీట్ల దగ్గర మాత్రం కాసేపు తికమక పడ్డాను. ఇలాంటి సెన్సర్లు రెండు చూశాను. ఎస్‌సీడీ30 డేటాషీట్‌లో స్పందన సమయం 20 సెకన్లు అని ఉంది. ఎంహెచ్-జడ్19బీ దాంట్లో 120 సెకన్ల లోపు అని ఉంది. ఆరు రెట్లు తేడా! జాగ్రత్తగా చూస్తే మొదటిది 63 శాతానికి చేరే సమయం, రెండోది 90 శాతానికి చేరే సమయం. కిలోలనీ పౌన్లనీ పక్కపక్కన పెట్టి పోల్చినట్టే.

ఇలాంటి సెన్సర్ నడక తీరు ఇది: అసలు విలువకీ తనకీ మధ్య మిగిలిన దూరంలో 63 శాతం దాటడానికి పట్టే కాలాన్ని టౌ అంటారు. టౌ 20 సెకన్లయితే, 20 సెకన్లకి 63 శాతం, 40కి 86, 60కి 95. దగ్గరపడే కొద్దీ నెమ్మదిస్తుంది. 90 శాతానికి టౌకి 2.3 రెట్లు పడుతుంది, దాన్ని టీ90 అంటారు. అంటే 20 సెకన్ల టౌకి టీ90 46 సెకన్లు. 46కీ 120కీ తేడా ఉంది, కానీ ఆరు రెట్లు కాదు. 120 "లోపు" అన్నారు కాబట్టి అసలు తేడా ఇంకా తక్కువ కూడా కావచ్చు.

ఎస్‌సీడీ30 తీసుకున్నాను. వేగం ఒక్కటే కారణం కాదు, 40,000 పీపీఎం దాకా రీడింగ్ ఇస్తుంది. 10,000 దాటాక ఖచ్చితత్వానికి హామీ లేదు, కానీ "చాలా ఎక్కువగా ఉంది" అని తెలిస్తే మన పనికి చాలు.

రోజు 2

సెన్సర్‌ని ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి కలిపాను. రెండు సెకన్లకో రీడింగ్ వస్తోంది. గదిలో 600 దగ్గర ఉంది. ఉత్సాహం ఆపుకోలేక సెన్సర్ మీద నోటితో గట్టిగా ఊదాను. రీడింగ్ ఒక్కసారిగా పైకి పోయింది, భలే వేగం అనుకున్నాను.

మళ్లీ 600కి రావడానికి ఇరవై నిమిషాలు తీసుకుంది. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ 4 శాతం, అంటే 40,000 పీపీఎం దాకా ఉంటుంది. దాంతోపాటు ఒళ్లంతా తడిపేంత తేమ. ఆ తేమ లోపల అద్దాల మీద పట్టేసి ఉంటుంది. ఊదడం టెస్ట్ కాదు. బతికుందా లేదా చూడటానికి తప్ప ఇక ఊదకూడదని నోట్‌బుక్ అట్ట మీదే రాసుకున్నాను.

రోజు 3

ఈసారి పద్ధతిగా చేద్దామనుకున్నాను. వంట సోడా ఒక గ్రాముకి వెనిగర్ కలిపితే దాదాపు 280 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాన్ని 30 లీటర్ల ప్లాస్టిక్ సంచిలో గాలితో కలిపితే లెక్క ప్రకారం 10,000 పీపీఎం దగ్గర ఉండాలి. కొంత ఆ నీళ్లలోనే కరిగి ఉండిపోతుంది, కాబట్టి కాస్త తక్కువే వస్తుంది. నాకు కావాల్సింది కచ్చితమైన విలువ కాదు, ఒక స్థిరమైన విలువ.

5 లీటర్ల మూత డబ్బాలో సెన్సర్ పెట్టి, చేపల తొట్టికి వాడే చిన్న పంపుతో సంచిలోని గ్యాస్‌ని నిమిషానికి ఒక లీటరు చొప్పున డబ్బాలోకి పంపాను. రీడింగ్ 600 నుంచి మొదలై 8,900 దగ్గర ఆగింది. 90 శాతం అంటే 8,900లో 90 శాతం కాదు, పెరిగిన 8,300లో 90 శాతం. అంటే 8,070 దాటిన క్షణం. మొదట ఇది కూడా తప్పుగానే లెక్కేశాను.

8,070 దాటడానికి పట్టింది దాదాపు 12 నిమిషాలు.

46 సెకన్లెక్కడ, 12 నిమిషాలెక్కడ. సెన్సర్ పాడైందేమో, నిన్నటి ఊదుడుకి లోపల ఏదైనా అయ్యిందేమో అని టెన్షన్ పట్టుకుంది. రెండోసారి చేశాను, అదే 12. సెన్సర్ తిప్పి పెట్టాను, అదే 12. ఇంత పట్టుదలగా ఒకే సంఖ్య వస్తుంటే అనుమానం రావాల్సింది, నాకు రాలేదు.

రోజు 4

బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. గ్యాస్ డిటెక్టర్లకి బంప్ టెస్ట్ చేయడం (కాస్త గ్యాస్ తగిలించి మోగుతుందో లేదో చూడటం), క్యాలిబ్రేషన్ కప్పు తొడిగి గ్యాస్ వదలడం ఆయనకి రోజువారీ పని.

"డబ్బా ఎంత?"

"అయిదు లీటర్లు బాబాయ్."

"పంపు?"

"నిమిషానికి లీటరు."

"మరి నువ్వు కొలిచింది సెన్సర్‌ని కాదురా, డబ్బాని."

ఫోన్ పెట్టేశాక లెక్క వేసుకున్నాను. డబ్బా ఘనపరిమాణాన్ని ప్రవాహంతో భాగిస్తే డబ్బాకే ఒక టౌ వస్తుంది: 5 నిమిషాలు. దాని టీ90 పదకొండున్నర నిమిషాలు. సెన్సర్ టౌ చిన్నది కాబట్టి దాని వాటా దాదాపు ఇరవై సెకన్లు మాత్రమే. మొత్తం 11 నిమిషాల 50 సెకన్లు. నేను కొలిచిన 12 అక్షరాలా సరైన సంఖ్యే. ప్రశ్న తప్పు.

ఫ్యాక్టరీల్లో డిటెక్టర్ ముఖానికి అతుక్కునేంత చిన్న కప్పు ఎందుకు వాడతారో ఇప్పుడు అర్థమైంది. కప్పులో నాలుగు చుక్కల గాలి ఉంటే అది క్షణంలో మారిపోతుంది, మిగిలిన ఆలస్యమంతా సెన్సర్‌దే.

రోజు 6

గ్యాస్‌ని సెన్సర్ దగ్గరికి తేవడం మానేసి, సెన్సర్‌నే గ్యాస్‌లోకి తోశాను. 20 లీటర్ల టబ్బు, లోపల కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి, గ్యాస్ ముందే కలిపి సిద్ధం. మూతలో పొడవాటి చీలిక కోసి దానికి పాత సైకిల్ ట్యూబ్ ముక్కలు రెండు పెదవుల్లా అతికించాను. స్కేలు చివర సెన్సర్ కట్టి, బటన్ నొక్కుతూ ఒక్క తోపు. బటన్ నొక్కిన క్షణం లాగ్‌లో సున్నా.

అయిదుసార్లు చేశాను. 63 శాతానికి 22, 22, 24, 22, 20 సెకన్లు. 90 శాతానికి 50, 50, 52, 48, 50. అన్నీ సరిసంఖ్యలే, ఎందుకంటే సెన్సర్ రెండు సెకన్లకోసారే నోరు తెరుస్తుంది. 50ని 22తో భాగిస్తే 2.27. సిద్ధాంతం చెప్పే 2.3కి ఇంత దగ్గరగా వస్తుందని అనుకోలేదు. డేటాషీట్ లెక్కన 46 రావాలి, నాకు 50 వచ్చింది. నా చెయ్యి వేగం, టబ్బులో గాలి కదలిక కలుపుకుంటే ఫిర్యాదు చేయడానికేం లేదు.

బయటికి తీసినప్పుడు మాత్రం తేడా కనిపించింది. రీడింగ్ 90 శాతం దిగడానికి 62 సెకన్లు పట్టింది. దిగడం ఎక్కడంకన్నా నెమ్మది ఎందుకు? కొన్ని రకాల సెన్సర్లలో నిజంగానే అలా ఉంటుంది. ఎలక్ట్రోకెమికల్ సెన్సర్‌కి ఎక్కువ గ్యాస్ తాగిస్తే అది ఎలక్ట్రోలైట్‌లోంచి వెళ్లిపోయేదాకా రీడింగ్ తోక లాగుతూనే ఉంటుంది. కానీ ఎన్‌డీఐఆర్‌లో అలా పట్టుకుని కూర్చునేదేమీ లేదు. కాసేపు బుర్ర గోక్కున్నాక తట్టింది: టబ్బులో ఫ్యాన్ ఉంది, బయట లేదు. అట్టముక్కతో విసురుతూ మళ్లీ చేశాను. 50.

గాలి కదులుతుంటే సెన్సర్ వేగంగా కనిపిస్తుంది. ఈ ముక్కకి కింద గీత గీసి పెట్టాను, నాలుగు రోజుల తర్వాత పనికొచ్చింది.

రోజు 7

గ్రాఫ్ గీత గజిబిజిగా ఉందని కోడ్‌లో 30 రీడింగుల సగటు పెట్టాను. 6వ రోజు పరీక్షలో అది ఆపేసి ఉంచాను. ఇవాళ దాన్ని ఆన్ చేసి అదే టెస్ట్ చేశాను.

టీ90 50 నుంచి 88కి పోయింది.

30 రీడింగులంటే 60 సెకన్ల కిటికీ. తాజా రీడింగ్ ఎంత పెద్దదైనా పాతవి 29 దాన్ని వెనక్కి లాగుతూ ఉంటాయి. అందమైన గ్రాఫ్ కోసం 38 సెకన్లు ఇచ్చేశాను, అది కూడా నాకు తెలియకుండానే. అసలు సెన్సర్ వేగం కోసం డేటాషీట్లు తిరగేసి, సాఫ్ట్‌వేర్‌లో దాన్ని పారబోయడం నాకే నవ్వొచ్చింది.

ఇప్పుడు చివరి మూడు రీడింగుల్లో మధ్యది మాత్రమే తీసుకుంటున్నాను. ఎప్పుడైనా ఒక పిచ్చి రీడింగ్ వస్తే దాన్ని పక్కకి తోసేస్తుంది, ఆలస్యం ఒక్క రీడింగ్, అంటే రెండు సెకన్లు. గ్రాఫ్ మళ్లీ గజిబిజిగానే ఉంది. ఉండనీ.

రోజు 10

పరికరాన్ని లోపల పెట్టి బిగించే కవర్ వచ్చింది. లోపల ఖాళీ సుమారు 90 ఘన సెంటీమీటర్లు, గోడ మందం 2 మిల్లీమీటర్లు. అడుగున 3 మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగు. దుమ్ము పడదు, చూడ్డానికి ముచ్చటగా ఉంది.

టబ్బులో దింపాను. టీ90 6 నిమిషాల 40 సెకన్లు.

ఈసారి సెన్సర్ పాడైందని అనుకోలేదు, అంతవరకు నయం. నాలుగు రంధ్రాల మొత్తం వైశాల్యం కలిపితే 0.28 చదరపు సెంటీమీటర్లు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ వ్యాపించే వేగానికి గుణకం సెకనుకి 0.16 చదరపు సెంటీమీటర్లు. లోపలి ఖాళీని గోడ మందంతో గుణించి, ఆ గుణకాన్ని రంధ్రాల వైశాల్యంతో గుణించిన దాంతో భాగిస్తే కవర్ టౌ వస్తుంది: 400 సెకన్లు. టీ90 పదిహేను నిమిషాలు!

కాగితం మీద 15, టబ్బులో 6 నిమిషాల 40. అప్పుడు 6వ రోజు గీత గీసిన ముక్క గుర్తొచ్చింది. టబ్బులోని ఫ్యాన్ రంధ్రాల్లోంచి గాలిని తోస్తోంది. గ్యాస్ బాగా కలిశాక ఫ్యాన్ ఆపేసి మళ్లీ దింపాను. 11 నిమిషాలు. బోర్డు వేడికి లోపల గాలి కాస్త పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి కాగితం కన్నా కొంచెం నయం, అంతే.

తలుపు వేసి ఉన్న స్టోర్ గదిలో ఫ్యాన్ ఉండదు. నేను ఫ్యాన్ పెట్టి పరీక్షించి "బాగానే ఉంది" అని ఇచ్చేస్తే, అక్కడ అది మరో మనిషిలా ప్రవర్తించేది. ఇక నుంచి ప్రతి కొలతా ఫ్యాన్ ఆపాకే.

రోజు 12, 13

ఆ లెక్కలో మన చేతిలో ఉన్నవి మూడు: లోపలి ఖాళీ, గోడ మందం, రంధ్రాల వైశాల్యం. గ్యాస్ గుణం మన చేతిలో లేదు. ఇదే కవర్‌ని హైడ్రోజన్‌కి వాడితే చాలా త్వరగా చేరేది, అది కార్బన్ డయాక్సైడ్ కన్నా నాలుగైదు రెట్లు చురుగ్గా వ్యాపిస్తుంది. ఒక గ్యాస్‌తో కొలిచిన టీ90 ఇంకో గ్యాస్‌కి అంటించకూడదనే మాట కూడా ఇందులోనే ఉంది.

ముందు రంధ్రాలు తీసేసి రెండు పక్కలా చీలికలు పెట్టించాను. మొత్తం 6 చదరపు సెంటీమీటర్లు. కవర్ టౌ 400 నుంచి 19 సెకన్లకి పడిపోయింది. ఫ్యాన్ ఆపి కొలిస్తే టీ90 84.

ఇంకా బోర్డూ, పవర్ మాడ్యూలూ, సెన్సరూ ఒకే గదిలో ఉన్నాయి. పవర్ మాడ్యూల్ ఊపిరి పీల్చుకోవాల్సిన అవసరం ఏముంది? మధ్యలో గోడ పెట్టి సెన్సర్‌కి విడిగా చిన్న అర కట్టాను. అందులో ఖాళీ 14 ఘన సెంటీమీటర్లు, చీలికలు 3 చదరపు సెంటీమీటర్లు. చీలికల మొత్తం సగమైనా అర బాగా చిన్నదైంది కాబట్టి కవర్ టౌ 6 సెకన్లకి వచ్చింది. పక్క గది నుంచి సెన్సర్‌కి తగిలే వేడి కూడా తగ్గింది. వేడి సెన్సర్‌కి దూరంగా ఉంటే రీడింగూ నిలకడగా ఉంటుంది.

చీలికల లోపలివైపు పలచటి దుమ్ము వడపోత అతికించాను. మొదట మందపాటి నురగ ముక్క పెడదామనుకున్నాను. నురగలో గ్యాస్ నడవాల్సిన దూరం పెరుగుతుంది. ఆ దూరం రెట్టింపైతే కవర్ టౌ కూడా రెట్టింపు. ఆ ఆలోచన మానేశాను.

పూర్తిగా బిగించి, మూడు రీడింగుల వడపోత ఆన్‌లో, ఫ్యాన్ ఆపి: 64, 62, 64, 66, 64. ఇదీ నా పరికరం టీ90. డేటాషీట్‌లో ఉన్నది సెన్సర్‌ది.

రోజు 15

గొట్టంతో లాగే పద్ధతి కూడా ఒకసారి చూశాను, గదిలో మూల దాకా గొట్టం వేసి పంపుతో పీల్చొచ్చు కదా అని. లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లు, 6 మీటర్ల గొట్టం: 75 మిల్లీలీటర్లు. నిమిషానికి అర లీటరు లాగితే 9 సెకన్లు. కొలిస్తే 10. 6 మిల్లీమీటర్ల గొట్టం వేస్తే 20 దాటింది. లావు గొట్టం వేస్తే వేగంగా వస్తుందనిపిస్తుంది కానీ పంపు అదే అయితే జరిగేది తలకిందులు.

ఇది వేరే జాతి ఆలస్యం. టౌ ఆలస్యంలో రీడింగ్ మొదటి సెకను నుంచే కదులుతుంది, నెమ్మదిగా. గొట్టం ఆలస్యంలో పది సెకన్లూ అసలేమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత వస్తుంది. పంపు ఆగిపోతే ఎప్పటికీ ఏమీ జరగనట్టే ఉంటుంది. నాకది నచ్చలేదు, వదిలేశాను. బాబాయ్ ఇంకో మాట కలిపాడు: అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్, క్లోరిన్ లాంటివి గొట్టం గోడలకే అంటుకుపోతాయి, గోడ కడుపు నిండేదాకా సెన్సర్ దగ్గరికి సరిగా రావు, అందుకే వాటికి టెఫ్లాన్ గొట్టం వాడతారట.

రోజు 16

స్నేహితుడి ప్రశ్న ఇంకా అలాగే ఉంది. "ఎంతసేపట్లో మోగుతుంది?" టీ90 64 అని చెబితే 64 సెకన్లలో మోగుతుందనుకుంటాడు. మోగదు. అంతకన్నా ముందే మోగొచ్చు, చాలా ఆలస్యంగానూ మోగొచ్చు.

అలారం 5,000 దగ్గర పెట్టాననుకుందాం. పరికరం మొత్తానికి టౌ సుమారు 28 సెకన్లు. సెన్సర్ చుట్టూ ఒక్కసారిగా 30,000 వస్తే 5,000 అనేది ఆ దారిలో తొలి మెట్టు. అయిదారు సెకన్లలో దాటేస్తుంది. 6,000 మాత్రమే వస్తే 47 సెకన్లు. 5,200 వస్తే దాదాపు నిమిషంన్నర, ఎందుకంటే చివరి మెట్టు దాకా పాకాలి. 4,900 వస్తే అసలు మోగదు, టీ90 ఎంత గొప్పగా ఉన్నా.

ఇది న్యాయంగానే ఉందనిపించింది. ప్రమాదం పెద్దదైతే త్వరగా అరుస్తుంది, అంచుమీద ఉంటే తీరిగ్గా. ఇళ్లలో పెట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారాల ప్రమాణం ఈఎన్ 50291 అయితే ఈ ఆలస్యాన్ని కావాలనే పెడుతుంది. 50 పీపీఎం ఉంటే 60 నిమిషాల లోపు మోగకూడదు, 90 నిమిషాల్లో మోగి తీరాలి. 100 పీపీఎంకి 10 నుంచి 40 నిమిషాలు. 300కి మూడు నిమిషాల్లోపు. ఆ గ్యాస్ రక్తంలో పోగుపడుతూ హాని చేస్తుంది కాబట్టి ఎంత ఉంది అన్నదానితో పాటు ఎంతసేపు ఉంది అన్నదీ లెక్కే. క్షణానికోసారి ఉలిక్కిపడే అలారాన్ని జనం వారంలో పీకి పక్కన పెడతారు.

నాది రెండు మెట్లుగా పెట్టాను. 5,000 దాటితే పసుపు దీపం, నెమ్మది బీప్. 30,000 దాటితే ఆగకుండా మోత.

మధ్యాహ్నం ఒక గడుసు ఆలోచన వచ్చింది. టౌ తెలుసు కాబట్టి, రీడింగ్ ఎంత వేగంగా పెరుగుతోందో చూసి చివరికి ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పేయొచ్చు. ఇప్పటి రీడింగ్‌కి, పెరిగే వేగాన్ని టౌతో గుణించి కలిపితే సరి. చేసి చూశాను. గ్యాస్‌లో దింపిన పది పదిహేను సెకన్లకే జవాబు దాదాపు సరిగ్గా వచ్చింది! ఎగిరి గంతేశాను. తర్వాత ఖాళీ గదిలో వదిలేస్తే అదే సూత్రం పిచ్చిపట్టినట్టు 400కీ 900కీ మధ్య ఊగింది. రెండు సెకన్ల తేడాని 28 సెకన్లతో గుణిస్తే, రీడింగులో ఉన్న ప్రతి చిన్న వణుకూ 14 రెట్లు అవుతుంది. దీన్ని అలారానికి అప్పగించే ధైర్యం నాకు లేదు. తెర మీద పైకి, కిందికి చూపే బాణానికి మాత్రం వాడుకున్నాను.

రోజు 20

గదిలో పరీక్ష. తలుపు తీసి ఉంచి, ఇద్దరం, పాత అలారం పనిచేస్తోందని చూసుకుని. నా దగ్గర ఒకేలాంటివి రెండున్నాయి: ఒకటి నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో, ఒకటి 150లో. పరీక్ష కోసం అలారం 2,000కి దింపాను. రెండు మీటర్ల దూరంలో డ్రై ఐస్ పెట్టె మూత తీశాం.

కిందిది 2 నిమిషాల 40 సెకన్లకి మోగింది. పైది మేమున్న ఇరవై నిమిషాల్లో 1,300 కూడా దాటలేదు. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, పైగా డ్రై ఐస్ నుంచి వచ్చేది చల్లగా ఉంటుంది. నేల మీద దుప్పటిలా పరుచుకుంటుంది. ఎంత వేగమైన సెన్సరైనా తప్పు ఎత్తులో పెడితే దాని టీ90కి అర్థం లేదు.

కిందిది మోగడానికి పట్టిన 2 నిమిషాల 40 సెకన్లలో నా పరికరం వాటా ఎక్కువ వేసుకున్నా ఒక నిమిషం. మిగతా నిమిషం నలభై సెకన్లు గ్యాస్ పెట్టె నుంచి గోడ దాకా నడిచిన సమయం. ఇరవై రోజులు సెకన్లు సెకన్లు చొప్పున కోసుకుంటూ వచ్చిన వాణ్ణి, కిందిదాన్ని పెట్టెకి 60 సెంటీమీటర్ల దగ్గరికి జరిపాను. 1 నిమిషం 5 సెకన్లు. స్క్రూడ్రైవర్‌తో రెండు మరలు విప్పి బిగించినందుకు 95 సెకన్లు మిగిలాయి. కొంచెం ఒళ్లు మండింది కూడా.

పెట్టెలు ఎప్పుడూ అక్కడే ఉంటాయా అని అడిగితే, "దాదాపు" అన్నాడు. నేలమీద పెయింట్‌తో గీత గీసి, పెట్టెలు దాని లోపలే పెట్టమని చెప్పాను.

రోజు 21

కవర్ మీద స్టికర్ అతికించి ఫోటో బాబాయ్‌కి పంపాను: "టీ90: 64 సెకన్లు." రెండు నిమిషాల్లో ఫోన్.

"కవర్‌తోనేనా?"

"కవర్‌తోనే బాబాయ్. ఫ్యాన్ ఆపి."

"దుమ్ము వడపోత కొత్తదా?"

"వారం కిందటే వేశా."

"మరి అది మురికి పట్టాక ఎంత?"

స్టికర్ పీకి కొత్తది రాశాను. మొదటి గడిలో ఇవాళ్టి తేదీ, పక్కన 64. దాని కింద పదకొండు గళ్లు ఖాళీ, నెలకొకటి. సైకిల్ ట్యూబ్ పెదవులున్న టబ్బుని పారేయకుండా అటక మీద పెట్టాను.